విప్పిన చేతితోనే బిగించాలి

కొల్లూరులో కరకట్ట దిగి పోతార్లంక, పెసర్లంక, చిలుమూరు వైపు వెళితే, అరటి తోటల్లో పనిచేసే రైతుల్లో చాలామంది మొలలోనో, చొక్కా జేబులోనో ఒక మడత చాకు ఉంటుంది. గెల కొట్టడానికి కొడవలి వేరే ఉంది, పిలక తవ్వడానికి గునపం వేరే ఉంది. చాకు వంతు వచ్చేది మిగతా పనులన్నిటికీ. వేలాడే ఎండుటాకు కోయాలి, గెల చివరి పువ్వు తీసెయ్యాలి, గెడకు కట్టిన నైలాను తాడు తెంపాలి, ఎరువు బస్తా మూతి కుట్టు విప్పాలి, డ్రిప్పు పైపు కత్తిరించాలి, మధ్యాహ్నం చద్దన్నంలోకి ఉల్లిపాయ కోసుకోవాలి. రోజంతా చేతిలో ఉండే ఈ పనిముట్టును ఒక్కసారైనా విప్పి చూసినవాళ్లు మాత్రం అరుదు. కీలు బిగుసుకుపోయేదాకా వాడతారు, బిగుసుకుపోయాక తెనాలిలో ఇంకోటి కొంటారు.

ఈ అధ్యాయంలో మీ చేత చేయించదలచుకున్నది ఒకే పని. మీ మడత చాకును మీరే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించుకోవాలి. ఇంత చిన్న పనికి వ్యక్తిత్వ వికాసంతో ఏం సంబంధమని అడగవచ్చు. నా సమాధానం సూటిగా చెబుతాను. ఒక వస్తువును విడదీసి, ఏ భాగం ఎందుకు ఉందో కళ్లారా చూసి, మళ్లీ పనిచేసేలా కూర్చగలిగిన మనిషికి తన చేతిమీద నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం పుస్తకాలు చదివితే రాదు, ఉపన్యాసాలు వింటే రాదు. నిన్నటిదాకా భయపెట్టిన మోటారు స్టార్టరైనా, స్ప్రేయరు పంపైనా, బ్యాంకు కాగితమైనా రేపు అదే ఓపికతో దగ్గరికి తీసుకోగలుగుతాడు.

ముందు ఈ నేల గురించి రెండు మాటలు. చాకుకు ఇక్కడ ముగ్గురు శత్రువులున్నారు. మొదటిది అరటి జిగురు. చెట్టు కోసినప్పుడు కారే ఆ నీళ్లలాంటి పాలలో టానిన్లు ఉంటాయి. ఇనుము తగిలితే నల్లబడతాయి, ఆరితే లక్కలా అంటుకుంటాయి. చొక్కామీద పడిన కర ఎన్ని ఉతుకులకూ పోదన్న సంగతి ఇక్కడి ఇల్లాళ్లందరికీ తెలుసు. ఆ కరే చాకు కీలులోనూ చేరుతుంది. రెండోది తేమ. కృష్ణ పక్కనే ఉంది, రేపల్లె దాటితే సముద్రం ఎంతో దూరం లేదు. వర్షాకాలంలో ఇనుప వస్తువు తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్ర పొడ కనిపిస్తుంది. మూడోది ఒండ్రు. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లోనూ ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల స్థాయిలో వరద కిందికి వచ్చినప్పుడు లంక పొలాలు మునిగాయి. పసుపు, కంద, అరటి, తమలపాకు తోటలతోపాటు ఇళ్లల్లోని సామానూ బురదపాలైంది. ఆ మెత్తటి ఒండ్రు చేతికి పిండిలా తగులుతుంది. నూనెతో కలిసి కీలులో చేరితే మాత్రం ఆకురాయిలా లోహాన్ని అరగదీస్తుంది. అందుకే చాకు బిగుసుకోగానే కీలులో నూనె పోసి ఊరుకోవడం మేలు చేయదు. మట్టి లోపలే ఉండిపోతుంది, నూనె దాన్ని ఇంకాస్త లోపలికి తీసుకుపోతుంది.

ఇప్పుడు చాకును చేతిలోకి తీసుకోండి. విప్పకండి. చూడండి.

కీలు దగ్గర రెండువైపులా నునుపైన గుండ్రటి తల ఉండి, ఎక్కడా గాడి గానీ నక్షత్రంలాంటి గుంట గానీ కనిపించకపోతే అది రివెట్టు చాకు. దాన్ని విప్పాలంటే మేకును కోయాలి, తిరిగి బిగించాలంటే కొత్త మేకు కొట్టాలి. అది మీ పని కాదు. స్విట్జర్లాండు ఎర్ర చాకు, అంటే విక్టోరినాక్స్, ఈ జాతిదే. కార్ల్ ఎల్సెనర్ 1897లో తన ఆఫీసరు చాకుకు హక్కులు నమోదు చేయించుకున్నాడు. పిడి వెన్నులో ఉన్న ఒకే స్ప్రింగును రెండువైపుల పనిముట్లకూ పనికొచ్చేలా అమర్చడం అందులోని నేర్పు. ఆ స్ప్రింగు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. అలాంటిదాన్ని విప్పబోయి పాడుచేసుకోవద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచి, నీళ్లలోనే తెరుస్తూ మూస్తూ కడగండి. పూర్తిగా ఆరనిచ్చి, బ్లేడు స్ప్రింగును తాకేచోట ఒక చుక్క నూనె వేయండి. అంతటితో ఆ చాకు పని పూర్తయినట్టే. ఫ్రాన్సులో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ లాంటి కొయ్య పిడి చాకైతే నీళ్లలో ముంచనే కూడదు. కొయ్య ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టాలి.

మీట నొక్కగానే దానంతటదే తెరుచుకునే చాకులు కొన్ని ఉన్నాయి. లోపల చుట్టిన స్ప్రింగు ఉంటుంది. విప్పితే అది ఎగిరి కంట్లో పడవచ్చు. వాటి జోలికి వెళ్లకండి.

వస్తువును చూసి ‘ఇది నేను విప్పకూడదు’ అని ఆగడమూ పనితనమే. దేన్నయినా విప్పేసి, కూర్చలేక, ముక్కలు ప్లాస్టిక్ కవరులో కట్టి అటకమీద పడేసే ఇళ్లు మనకు చాలానే తెలుసు. ఆ ఇళ్లలో చురుకుదనానికి కొరత లేదు. ఆగి చూసే అలవాటే లేదు.

కీలు మీద స్క్రూ కనిపిస్తే అది మీ చాకు. ఈమధ్య మన బజారులో దొరికే, తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టే లాకు ఉన్న చాకుల్లో చాలావాటికి ఆరు కోణాల నక్షత్రం గుంట ఉన్న టార్క్స్ స్క్రూలుంటాయి. పిడికి టి6, కీలుకు టి8 ఎక్కువగా సరిపోతాయి. సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే కొట్లో ఈ బిట్లు దొరుకుతాయి. చదును మొన స్క్రూడ్రైవరును నక్షత్రం గుంటలో ఇరికించి తిప్పే అలవాటు మానుకోండి. ఒక్కసారి స్క్రూ తల అరిగిపోయిందంటే ఆ చాకు ఇక రివెట్టు చాకుతో సమానం.

కూర్చునే చోటు ముఖ్యం. పగటి వెలుతురు పడే అరుగు మీద కూర్చోండి. ఫ్యాను కట్టేయండి. ముందు తెల్లటి పాత పంచె ముక్క పరచండి, దానిమీద అంచున్న స్టీలు పళ్లెం పెట్టుకోండి. పదును పెట్టాల్సి ఉంటే విప్పక ముందే పెట్టేయండి. నూరినప్పుడు రాలే పొడి ఎలాగూ కీలులోకి పోతుంది, తర్వాత కడుగుడులో అదీ కొట్టుకుపోతుంది. చాలామంది ముందు శుభ్రం చేసి, ఆ తర్వాత నూరి, మళ్లీ మురికి చేస్తారు. పదును పెట్టడం అయ్యాక వాదర మీద ఎలక్ట్రీషియన్ల నల్ల టేపు రెండు చుట్లు చుట్టండి. ఈ పనిలో తెగే వేళ్లన్నీ టేపు చుట్టనివాళ్లవే.

సెల్‌ఫోనుతో రెండువైపులా ఫొటో తీసుకోండి. ఏ మెట్టు దగ్గర ఏం తీశారో అప్పుడప్పుడు మళ్లీ ఫొటో తీయండి. ఫొటో వద్దనుకునేవాళ్లు తీసిన భాగాలను పళ్లెంలో ఎడమ నుంచి కుడికి, తీసిన వరుసలోనే పెట్టుకుంటూ పోవాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వస్తారు. ఇంతకన్నా పెద్ద రహస్యం ఈ విద్యలో లేదు.

మొదట జేబుకు తగిలించే క్లిప్పు తీయండి. తర్వాత కీలు స్క్రూను ఒక పిసరు వదులు చేసి ఆపండి, పూర్తిగా తీయవద్దు. పిడి స్క్రూలు ఒక్కొక్కటే తీయండి. పిడి స్క్రూలన్నీ ఒకే పొడవు ఉంటాయని అనుకోకండి. పొడుగు స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే అది లోపలికి పొడుచుకొచ్చి బ్లేడుకు తగులుతుంది. ఏ గుంటలోది ఆ గుంటకే.

స్క్రూ కదలకపోతే? ఇక్కడే మనిషి స్వభావం బయటపడుతుంది. పళ్లు బిగించి బలంగా తిప్పుతాం. లంకల్లో పాత తరం రైతులు కుర్రాళ్లకు చెప్పే మాట ఒకటుంది: “మొరాయిస్తే బలం పెట్టకురా అబ్బాయ్, ఎందుకు మొరాయించిందో చూడు.” చాకు తయారుచేసినవాళ్లు మర ఊడిరాకుండా సన్నటి జిగురు వేసి ఉంటారు. వేడికి అది మెత్తబడుతుంది. సోల్డరింగు ఐరన్ మొనను స్క్రూ తలమీద అరనిమిషం ఆనించి, అప్పుడు తిప్పండి. పిడి ప్లాస్టిక్ అయితే మొన పక్కకు జారకుండా చూసుకోండి. తుప్పు పట్టి కదలకపోతే ఒక చుక్క కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే చాలావరకు లొంగుతుంది.

ఇప్పుడు కీలు స్క్రూ తీసి, పైనున్న పిడి పలకను నెమ్మదిగా పైకి లేపండి. లోపల కనిపించేది మొదటిసారి చూసేవాళ్లకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇంత చిన్న వస్తువులో ఇంత ఏర్పాటా అనిపిస్తుంది. బ్లేడు కింద ఒకటి, పైన ఒకటి, నాణెం కన్నా చిన్న వాషర్లుంటాయి. రాగి రంగులో కాగితమంత పలచగా ఉంటే అవి కంచువి. తెల్లగా ఉంటే నైలానువో టెఫ్లానువో. ఇవి తరచు బ్లేడుకే అతుక్కుని వస్తాయి. బ్లేడును లాగేస్తే వాషరు ఊడి, అరుగు సందులోకి దొర్లిపోతుంది. కాబట్టి గోటితో అంచు లేపి, విడిగా తీసి, ఏది పైది ఏది కిందది అన్నది చెదరకుండా పెట్టండి. వాషరును వెలుతురులో పట్టి చూడండి. ఒకవైపు గీతలు గుండ్రంగా పడి ఉంటే మీ చాకు మట్టితో తిరుగుతోందని అర్థం. బ్లేడు మొదట్లో ఒక చిన్న పొట్టి కడ్డీ ఉంటుంది. తెరిచినప్పుడు బ్లేడు వెనక్కి పోకుండా ఆపేది అదే. అది మరచిపోయి బిగిస్తే లాకు పడదు.

ఇంకొకటి గమనించండి. పిడి లోపలి ఇనుప రేకు ఒకటి పక్కకు వంగి, తెరిచిన బ్లేడు మడమ కిందికి వచ్చి నిలబడుతుంది. లాకు అంటే ఇదే. అమెరికాలో మైఖేల్ వాకర్ అనే చాకుల తయారీదారు 1980లలో దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. ఇప్పుడు ప్రపంచమంతటా చౌక చాకుల్లో కూడా ఇదే ఉంటోంది. ఆ పలుచని రేకు మీ వేళ్లను కాపాడుతోంది. దాన్ని వంచకండి, గీకకండి, ఆకురాయి తగిలించకండి.

కడగడం మొదలుపెడదాం. మట్టికి నీళ్లూ సబ్బూ చాలు, పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. అరటి కరకు నీళ్లు పనికిరావు. కొబ్బరినూనె పూసి కాసేపు నాననిచ్చి, తర్వాత కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిస్తే నల్ల జిగురు పొరలా లేచి వస్తుంది. మిగిలిన జిడ్డుకు మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ వాడండి, పొయ్యికి దూరంగా. పైపైన తుప్పుంటే పచ్చ పీచు ముక్కకు నూనె అద్ది, బ్లేడు పొడవునా ఒకే దిశలో రుద్దండి. ఇటుక పొడి కొడవళ్లకు పనికొస్తుంది, కీలు భాగాలకు వద్దు. అన్నీ తుడిచి, ఎండలో కాసేపు పెట్టి, స్క్రూ గుంటల్లో తడి లేదని చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

నూనె విషయంలో మన ఇళ్లల్లో ఒక పాత అలవాటు ఉంది. చేతికందిన వంటనూనె వేసేస్తారు. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు గాలి తగిలి క్రమంగా చిక్కబడి జిగురవుతాయి. నెల తిరిగేసరికి కీలు మునుపటికన్నా మొండికేస్తుంది. కుట్టుమిషను నూనె మంచిది, పలచగా ఉంటుంది, జిగురవదు. పండ్లు, కూరగాయలు కోసే చాకైతే మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అడిగి తెచ్చుకోండి. అదీ లేకపోతే మిగతా వంటనూనెలకన్నా కొబ్బరినూనె నయం. చలికాలంలో గడ్డకడుతుందన్నదొక్కటే దాని లోపం. డబ్ల్యూడీ-40 డబ్బా చాలా ఇళ్లల్లో ఉంటోంది. 1953లో తడిని తరిమి తుప్పును ఆపడానికి చేసిన మందు అది. కడిగాక తడి తీయడానికి బాగుంటుంది, ఎల్లకాలం కీలు నూనెగా మాత్రం నిలవదు.

ఎంత వేయాలి? సూది మొనకు నిలిచేంత. వాషరుకు రెండువైపులా వేలితో రాసినంత. లాకు రేకు బ్లేడు మడమను తాకే చోట అసలు వద్దు, అక్కడ జారితే చాకు మీ వేళ్ల మీదికే మూసుకుంటుంది.

బిగించేటప్పుడు తొందర మొదలవుతుంది. పని అయిపోవచ్చిందనుకున్నప్పుడే చెయ్యి తడబడుతుంది, అన్నం ఉడికే ముందు మూత తీసేది ఈ తొందరే. ఒక వాషరు, బ్లేడు, రెండో వాషరు, ఆపే కడ్డీ, పై పలక. ఏదీ బలవంతంగా కూర్చోబెట్టకండి. సరిగ్గా పడితే దానంతటదే దిగుతుంది. దిగకపోతే ఏదో ఒకటి తప్పుచోట ఉంది. పలకను లేపి మళ్లీ చూడండి. ప్రతి స్క్రూనూ మొదట వేళ్లతో, ఎడమవైపుకు వెనక్కి తిప్పండి. మర మరలో పడినప్పుడు చిన్న ‘టిక్’ వేలికి తెలుస్తుంది. అప్పుడు కుడివైపుకు తిప్పితే అడ్డమర పడదు. స్క్రూలన్నీ రెండేసి చుట్లు తిప్పి వదిలేసి, అన్నీ పడ్డాయని చూసుకుని, చివర్లో ఒకదాని తర్వాత ఒకటిగా బిగించండి. మొదటిదాన్నే పూర్తిగా బిగించేస్తే పలక వాలిపోయి రెండోది పట్టదు.

కీలు స్క్రూ అన్నిటికన్నా చివర. ఈ పనిలో రుచంతా ఇక్కడే ఉంది. టేపు తీసేసి చాకు తెరవండి. పిడి పట్టుకుని బ్లేడు వెన్నును పక్కలకు కదపండి. ఊగితే ఇంకొంచెం బిగించాలి. తెరవడానికి వేలు నొప్పి పుడితే వదులు చేయాలి. ఈ రెండింటి మధ్య దూరం గడియారపు ముల్లు ఒకటి రెండు నిమిషాలు జరిగినంతే. పిసరంత తిప్పండి, తెరవండి, మూయండి, మళ్లీ పిసరంత. మూసినప్పుడు బ్లేడు పిడి సందు మధ్యలో నిలవాలి, ఏ గోడకూ రాసుకోకూడదు. కుదిరిందనుకున్నాక స్క్రూ మరలకు నీలిరంగు మర జిగురు ఆవగింజంత అద్దవచ్చు. ఎరుపుది వద్దు, మళ్లీ తేలిగ్గా ఊడదు. జిగురు వాషరు దాకా పాకిందంటే పని మొదటికొస్తుంది.

చివరగా లాకు పరీక్ష. చాకు పూర్తిగా తెరిచి, వేళ్లు మడత దారిలో లేకుండా పిడిని పట్టుకుని, బ్లేడు వెన్నును కొయ్య బల్లమీద ఆనించి నెమ్మదిగా నొక్కండి. కొట్టకండి, నొక్కండి. లాకు జారితే ఆ చాకు వాడకండి, మళ్లీ విప్పండి.

అరటి రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. పనామా తెగులు పట్టిన చెట్టును కోసిన కత్తితోనే పక్క చెట్టును కోస్తే శిలీంధ్రం వెంట వెళుతుంది. అమృతపాణి లాంటి రకాలు దీనికి త్వరగా లొంగుతాయి. అందుకే కత్తిని బ్లీచింగు నీళ్లలో ముంచమంటారు. మంచి సలహానే, కానీ బ్లీచింగు ఉక్కును తినేస్తుంది. మడత చాకును ఆ నీళ్లలో ముంచితే కీలు లోపల తుప్పు మొదలవుతుంది. తెగులు చెట్లకు మడత లేని కత్తి వేరే పెట్టుకోండి. ముంచాల్సి వచ్చినా వెంటనే మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2016 ఆయుధ నియమావళిలో బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటికీ, వ్యవసాయానికీ తయారైనవాటికి మినహాయింపూ ఉంది. మన జేబు చాకు అంత పెద్దది కాదు. అయినా విమానంలో చేతి సంచిలో పెట్టుకోకండి, తీసేసుకుంటారు.

ఇంట్లో మడత చాకు లేనివాళ్లకూ ఈ అధ్యాయం పనికొస్తుంది. నాయనమ్మ తమలపాకు పళ్లెంలో అడకత్తెర ఉందేమో చూడండి. అందులోనూ అదే కీలు, అదే మేకు. విప్పలేరు గానీ, బ్రష్షుతో సున్నం, వక్కపొడి తీసి, ఆరబెట్టి, ఒక చుక్క లిక్విడ్ పారఫిన్ వేస్తే రెండు పిడులూ మళ్లీ మెత్తగా కలుస్తాయి.

తోటలో వాడే చాకును వారానికోసారి తుడిచి నూనె రాయండి. వానాకాలం ముందు ఒకసారి, వరద నీళ్లు తగిలితే ఆరోజే ఇంకోసారి పూర్తిగా విప్పండి. విప్పేటప్పుడు ఇంట్లో పదోతరగతి దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, అమ్మాయైనా అబ్బాయైనా. మొదటిసారి మీరు చేసి చూపించండి. రెండోసారి బిట్టు వాళ్ల చేతికిచ్చి, మీరు పళ్లెం పట్టుకోండి.